చప్పట్ల తర్వాత నాలుగు సెకన్లు

సౌండ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కలిస్తే నన్ను మైకుల గురించి అడుగుతారు. ఏది కొనాలి, గదిలో ఎక్కడ పెట్టాలి అని. అవన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. కువైట్‌లో ముప్పై ఏళ్లు ఈ పని చేసి పోయిన వేసవిలో మానేశాను. నేను చెప్పగలిగినవి నాలుగైదు సంగతులకు మించి ఉండవు. వాటిలో ఒకటి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. అదొక తప్పుతో మొదలైంది. ఆ తప్పు నాదే.

కోసే చెయ్యి

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. కడపలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఆరేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. మండలాల నుంచి వచ్చే వార్తలను కోయడం నా ఉద్యోగం. విలేకరి పన్నెండు వాక్యాలు పంపితే నాలుగు మిగిల్చేవాణ్ణి. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది. ఆ సమయంలో వాన పడుతోందనో, పెద్దావిడ ఎవరో చేతిసంచి పట్టుకుని ఫలానా మాట అన్నదనో ఉంటే అవి పోయేవి. బాగా కోస్తాడని పేరొచ్చింది. ఆ పేరు నాకు నచ్చింది కూడా.

తర్వాత మా వైపు వాళ్ల ద్వారా వీసా దొరికింది. ఇఖామా అనే నివాస అనుమతి కార్డు మీద ఎలక్ట్రీషియన్ అని ఉండేది గానీ చేరింది రికార్డింగ్ స్టూడియోలో. కువైట్ నగరంలో షర్క్ అనే పేటలో చేపల మార్కెట్‌కు రెండు వీధుల వెనక, రెండో అంతస్తు. దాన్ని నడిపించింది ఖాదర్ సాబ్ అనే హైదరాబాద్ పాతబస్తీ పెద్దమనిషి. ఆయన ఇప్పుడు లేరు. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

మొదటిరోజే మూడు మాటలు చెప్పారు. అసలు టేపును ఎన్నడూ కోయొద్దు, నకలు తీసుకుని దాన్ని కోయి. కోసిన ముక్కను వెంటనే పారేయొద్దు, గోడకున్న మేకుకు మూడు రోజులు వేలాడనీ. పాట అయిపోయాక కూడా రెండు నిమిషాలు టేపు నడవనీ, చేతులు కట్టుకుని కూర్చో.

"రెండు నిమిషాలు ఖాళీ టేపు ఎందుకు సాబ్, దండగ కదా?" అన్నాను.

"నువ్వు పేపరోనివి బేటా. ఖాళీ కనవడితే నీ చెయ్యి ఊకోదు. ఖాళీ ఉన్నదని నీకెట్ల ఎరుక? విన్నవా?"

వినలేదు. ఆ రోజుల్లో నేను ఎవరినీ చివరిదాకా వినేవాణ్ణి కాను.

హోటళ్లకు వచ్చిన గొంతులు

మా స్టూడియోకు ఇంకో పని ఉండేది. పెద్ద హోటళ్ల హాళ్లలో కచేరీలు జరిగితే సౌండ్ మేమే పెట్టి, రికార్డు కూడా చేసేవాళ్లం. అలా వచ్చినవాళ్లలో సోల్ గాయకులంటే నాకు ఇష్టం ఏర్పడింది. అమెరికాలో నల్లజాతివాళ్ల చర్చిల్లో పెరిగి, అక్కణ్ణుంచి ప్రేమపాటల్లోకి వచ్చిన గానం అది. సొంత దేశంలో వాళ్ల పేర్లు అప్పటికే పాతబడ్డాయి. ఇక్కడ మాత్రం ఆ దేశంలో చదువుకుని వచ్చిన కువైటీలు, లెబనాన్ వాళ్లు, అమెరికన్లు కుటుంబాలతో వచ్చి కూర్చునేవారు.

నాకు ఇంగ్లిష్ పాట సగమే అర్థమయ్యేది. అయినా ఒకరు పంక్తి విసిరితే మిగతావాళ్లు దాన్ని అందుకుని తిరిగి విసిరే తీరు చూస్తే మా ఊళ్లో చెక్కభజన గుర్తొచ్చేది. ఆ మాటే ఖాదర్ సాబ్‌తో అంటే ఒప్పుకునేవారు కాదు.

"చెక్కభజన ఏంది, ఇది సాఫ్ ఖవ్వాలీ. ఆ చప్పట్లు జూడు."

"చప్పట్లు మా భజనలో లేవా సాబ్?"

"ఉంటయి. మీవి పది నిమిషాలకే అలిసిపోతయి."

వాళ్లలో దొంగలూ ఉన్నారు. టేపు మీద పాట వేసుకుని పెదాలు కదిపి వెళ్లినవాళ్లను చూశాను. మూడు మెట్లు ఎక్కడానికి ఇద్దరి సాయం కావలసిన ఒక ముసలాయన, లైటు పడగానే కుర్చీని కాలితో తోసేసి గంటన్నర నిలబడి పాడటమూ చూశాను. దగ్గరగా చూస్తే ఆయన మోకాలు వణుకుతూనే ఉంది. గొంతు వణకలేదు. రెండూ ఒకే మనిషివి అంటే నమ్మబుద్ధి కాలేదు.

అలా వచ్చినవాళ్లే కాల్విన్, ఎర్లీన్. భార్యాభర్తలు, అప్పటికి యాభై దాటినవాళ్లు. వాళ్లకొక పద్ధతి ఉండేది. ఆఖరి పాట కాగానే ఎర్లీన్ ముందుగా వేదిక దిగి పక్క తలుపు వైపు నడిచేది. కాల్విన్ ఒక్కడే నిలబడి చప్పట్లు తగ్గేదాకా తలవంచి, ఆ తర్వాత వెళ్లేవాడు.

ఆ రోజు చప్పట్లు తగ్గాయి. ఆమె తలుపు దగ్గరికి చేరింది. కాల్విన్ మైకు ముందు నిలబడి నెమ్మదిగా ఏదో అన్నాడు. జనంతో కాదు, ఆమె వైపు చూస్తూ. హాలు స్పీకర్లు అప్పటికే ఆపేశాం, పైగా కుర్చీల చప్పుడు, ఎవరికీ వినపడలేదు. రికార్డింగుకు మైకు తెరిచే ఉంది గనక టేపు మీద పడింది. ఆ తర్వాత ఖాదర్ సాబ్ మైకులు తగ్గించి, అలవాటు ప్రకారం టేపును మాత్రం నడవనిచ్చారు.

సామాను సర్దుతుంటే లిఫ్టు దగ్గర వాళ్ల మాటలు విన్నాను.

"ఇందాక ఏదో అన్నావు. ఏమిటది?" అని ఆమె అడిగింది.

"టేపులో ఉంది. విను," అని నవ్వాడు కాల్విన్.

అమెరికాలో ఇంటికి చేరిన నెలలోపే అతను చనిపోయాడు.

నా తప్పు

ఆ టేపు జూలై, ఆగస్టు రెండు నెలలూ మేడ మీది స్టోర్‌రూమ్‌లో ఉండిపోయింది. అక్కడి ఏసీ పాడైంది. ఆ గదిలోకి అడుగుపెడితే పొయ్యి ముందు నిలబడ్డట్టు ఉండేది. సెప్టెంబర్‌లో ఎర్లీన్ నుంచి ఉత్తరం వచ్చింది. కచేరీ మొత్తం క్యాసెట్ చేసి పంపమని. ఖాదర్ సాబ్ సెలవులో ఉన్నారు. ఆ పని నేనే చేశాను.

రీలు నుంచి రీలుకు నకలు తీసే మెషీన్ రిపేరులో ఉంది. అసలు టేపునే పెట్టాను. చివర చప్పట్లు, ఆ తర్వాత కుర్చీల గొడవలో మగగొంతు ఒకటి, ఆ వెంటనే నిశ్శబ్దం. చప్పట్లతో ముగిస్తే నిండుగా ఉంటుందని నాలోని సబ్ ఎడిటర్‌కు తోచింది. బ్లేడుతో ఆ ముక్క కోసి, చప్పట్ల చివరను ఖాళీ టేపుకు అతికించాను. మేకుకు తగిలించాను కూడా. కానీ ఆ మధ్యాహ్నం కఫీల్, అంటే మా వీసాలకు పూచీ ఉన్న కువైటీ యజమాని, వస్తున్నాడన్నారు. యల్లా, యల్లా, త్వరగా కానివ్వండి అంటూ అందరం గది ఊడ్చాం. ముక్క చెత్తబుట్టలోకి పోయింది.

ఆ ఉత్తరం రాసినావిడ భర్త పోయాడని నాకు తెలుసు. లిఫ్టు దగ్గర మాట కూడా విన్నవాణ్ణి. కోసేటప్పుడు ఆ రెండూ ఒకదానికొకటి తగల్లేదు. దీన్ని నిర్లక్ష్యం అంటారు. ఇంకో పేరు పెట్టి తప్పించుకోవడం నాకిష్టం లేదు.

ఊరకుండేది గూడా పంపు

ఇదే చేతులతో అదే రోజుల్లో నేను ఇంకో పని చేసేవాణ్ణి. శుక్రవారాలు మనవాళ్లు ఇంటికి పంపే క్యాసెట్ ఉత్తరాలు రికార్డు చేయడం. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, సరిహద్దు దగ్గరి వఫ్రా తోటల నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు. రాయచోటి వైపు నుంచి వచ్చిన చెంగమ్మ అలా మొదటిసారి వచ్చింది. అప్పటికి పాతికేళ్లు ఉంటాయేమో.

"మామా రెండు గంటలే వదిల్నాది సార్. బిరీన కానీయండి," అంటూ కూర్చుంది. మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు. పేరు చెప్పింది, బాగున్నానంది. అంతే, మాట రాలేదు. మైకు ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుంది.

"ఏమీ మాట్లాడలేదు కదమ్మా, అది తీసేస్తాను," అన్నాను.

"తియ్యద్దు సార్. ఊరకుండేది గూడా పంపు. నేనుండానని మా పాపకు తెల్స్తాది."

తీయలేదు. మనూరి మనిషి ఊరకున్నా పంపాను. కాల్విన్ మాట్లాడినా కోశాను. పిల్లలూ, మీ చెవిని అనుమానించాల్సింది ఇక్కడే. ఎవరి మాట మాటగా వినిపిస్తోంది, ఎవరిది చప్పుడుగా వినిపిస్తోంది అన్నది మెషీన్ నిర్ణయించదు.

చెంగమ్మ తర్వాత మా ఆఫీసులోనే టీ పెట్టడానికీ, ఊడ్చడానికీ చేరింది. చివరిదాకా ఉంది.

ముందే పాడిన మనిషి

ఇంకొక్క సంగతి చెబితే గానీ చివరిది అర్థం కాదు. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఒంటరిగా బయటివాళ్లు ఇచ్చిన పాత రీలు వింటున్నాను. పాట ఇంకా మొదలు కాలేదు. హెడ్‌ఫోన్లలో గోడ అవతలి నుంచి అన్నట్టు ఒక ఆడగొంతు గుసగుసగా ఒక పంక్తి పాడింది. కొన్ని సెకన్లకు అదే గొంతు, అదే పంక్తి, నిండుగా. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ అంతే. పాడబోయే మాట ముందే వచ్చి వెళ్తోంది. హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి వరండాలోకి పరిగెత్తాను.

ఖాదర్ సాబ్ నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పారు.

"టేపు చుట్ట మీద చుట్ట పడుకుంటది గద. ఒక చుట్టల ఉన్న గొంతు పక్క చుట్టకు అంటుకుంటది. సన్నగ. ఎండల పెడితే ఇంకా జల్ది అంటుకుంటది. వెనక్కి చుట్టి పెడితే ఆ నీడ ముందు వస్తది. చుట్టకుండ అట్లనే పెడితే పాట తరువాత వస్తది. అందుకే నేను వెనక్కి చుట్టనీయ."

"దయ్యం కాదు కదా సాబ్?"

"దయ్యమైతే పోతదేమో. ఇది పోదు."

తలుపు

పోయిన జూన్‌లో, నా ఆఖరి నెలలో, ఎర్లీన్ వచ్చింది. ఆమె కూతురు కువైట్‌లోనే ఒక స్కూల్లో టీచర్, ఫింటాస్ అనే పేటలో ఉంటుంది. ఎనభై దాటిన తల్లిని దగ్గర పెట్టుకుంది. ఎర్లీనే ముందుగా ఫోన్ చేసి, ఆ టేపు ఇంకా ఉందా అని అడిగింది. ఉంది. పెట్టె మీద నా చేతిరాత: 'చివర ఖాళీ'.

ఆ పాత టేపుల పూత తేమకు జిగురుగా మారుతుంది. సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెడితే ఒక్కసారి నడుస్తుంది. రెండోసారి నడుస్తుందన్న హామీ లేదు. అది ఫోన్లోనే చెప్పాను.

"ఒక్కసారి చాలు," అంది.

వచ్చిన రోజు బయట దుమ్ము. పదకొండు గంటలకే కిటికీలు ఇటుకరంగులో ఉన్నాయి. కూతురు కింద దింపి స్కూలుకు వెళ్లిపోయింది. స్టూడియో తలుపు బరువైనది, దానంతటదే మూసుకుంటుంది. ఎర్లీన్ లోపలికి అడుగుపెట్టి, మూసుకోబోతున్న తలుపును చేత్తో వెనక్కి ఆపి పట్టుకుని నిలబడింది. కాసేపటికి వదిలింది.

చెంగమ్మ వరండాలోకి తొంగి చూసింది. "వెనకాల ఇంకెవురన్నా వస్తాండారా సార్?"

ఎవరూ లేరు. ఆమె ఏమందో ఎర్లీన్‌కు చెప్పాను.

"అలవాటు," అని చిన్నగా నవ్వింది ఎర్లీన్. "కాల్విన్ పోయినప్పటి నుంచి. మా అమ్మాయికి నచ్చదు. దుకాణాల్లో జనం చూస్తారట."

కూర్చున్నాక నేరుగా చెప్పింది. "మీరు పంపిన క్యాసెట్ చప్పట్లతో ఆగిపోతుంది, మిస్టర్ సుధాకర్. అసలు టేపులో ఇంకా ఉండాలి. అతను ఏమన్నాడో వినాలి. నాకు ఇంక వేరే పని లేదు."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. కంప్యూటర్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి టేపు నడిపించాను. వాళ్లిద్దరి గొంతులు గదిని నింపాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి గానీ పాడలేదు. అతని పంక్తులు వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది. ఆఖరి పాట అయింది. చప్పట్లు వచ్చాయి, తగ్గాయి. నేను అతికించిన తెల్లటి అతుకు మెషీన్ మీదుగా పోయింది. స్పీకర్లలో ఉత్త గాలి చప్పుడు మిగిలింది. అలవాటుగా వాల్యూమ్ పెంచాను. అప్పుడే చెంగమ్మ టీ తెచ్చి బల్ల మీద పెడుతోంది.

"ఇక్కడే," అంది ఎర్లీన్. "ఇక్కడే మాట్లాడాడు."

టేపు తిరుగుతూనే ఉంది. నేను ఆమె వైపు తిరిగి చెప్పాను. "ఇక్కడ ఒక ముక్క ఉండేది మేడమ్. కోసేశాను. పారేశాను."

ఆమె తిరుగుతున్న రీలు వైపు చూసింది.

"ఎంత ముక్క?"

రెండు చేతులు చాపి చూపించాను. మూరన్నర కంటే కాస్త ఎక్కువ.

"అంతేనా," అంది. తర్వాత, "కోసేటప్పుడు మీరు విన్నారు కదా?"

"విన్నాను."

"గుర్తుందా?"

"లేదు మేడమ్."

నా వృత్తిలో ఎన్నోసార్లు తిట్లు తిన్నాను. ఆమె తిట్టలేదు. టీ కప్పు తీసుకుని, తాగకుండా రెండు చేతుల్లో పట్టుకుంది.

చెంగమ్మ ఇంకా అక్కడే ఉంది. ఇన్నేళ్లలో ఆమెకు ఇంగ్లిష్ కాస్త పట్టుబడింది. నన్ను చూసి తెలుగులో అంది: "యాల లేదంటారు సార్? ఇందాక ఆయప్ప ఏందో అన్న్యాడు గదా."

"ఎవరు?"

"మొగమనిషి. చప్పట్లు అయినాక. మెల్లంగా, యాడనో బాయిలోంచి పలికినట్ల. మీకు ఇనపడల్యా?"

"అది ఖాళీ టేపు చెంగమ్మా."

"ఖాళీ గాదు సార్. ఉండాడు."

నా చెవులు ముప్పై ఏళ్ల స్పీకర్లకు అరిగిపోయాయి. ఎర్లీన్‌కు చెవిలో వినికిడి మెషీన్ ఉంది. ఆ గదిలో సరిగ్గా వినగలిగేది చెంగమ్మ ఒక్కతే. టేపు వైపు చూశాను. పూత రాలి, టేపును చదివే హెడ్ల మీద మట్టిలా పేరుకుంటోంది. దాన్ని మళ్లీ నడిపే ఆశ లేదు. కానీ కంప్యూటర్‌లో రికార్డింగ్ నేను ఆపలేదు. పాట అయ్యాక రెండు నిమిషాలు. ఖాదర్ సాబ్ ఎప్పుడో నా చేతులు కట్టేసి వెళ్లారు.

ఆ చోటు వెతికాను. అతుకు దాటాక నాలుగు సెకన్లు తీసుకుని, గాలి చప్పుడు కాస్త తగ్గించి, మిగిలింది ఎన్నో రెట్లు పెంచాను. ఉంది. రెండు నెలలు వేడిగదిలో ఉడికిన టేపులో ఒక చుట్ట మీది గొంతు, దాన్ని కప్పుకున్న ఖాళీ చుట్టకు అంటుకుంది. చుట్టను కోసి పారేశాను. నీడ ఖాళీలో ఉండిపోయింది. ఏ ఖాళీ టేపును దండగన్నానో దాని మీదే.

ఎర్లీన్‌కు హెడ్‌ఫోన్లు పెట్టాను. ఇంకో జత నేను పెట్టుకున్నాను. మొదటిసారి గాలి తప్ప ఏమీ లేదు. రెండోసారి గాలిలో ఒక మనిషి ఊపిరి. మూడోసారి మాటలు. నిద్రలో వినపడే మాటల్లా, అంచులు లేకుండా.

"తలుపు మూయకు ఎర్లీన్. నీ వెనకే వస్తున్నా."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒడిలో పెట్టుకుంది. కన్నీళ్లు లేవు. భయం ఉంది.

"నేనిది వినలేదు," అంది. "ఆ రోజు నాకు వినపడలేదు. వినపడలేదు కాబట్టే లిఫ్టు దగ్గర అడిగాను. మరి ఇన్నేళ్లు తలుపులు ఎందుకు పట్టుకున్నాను?"

మనసుకు అందకపోయినా చెవికి అంది ఉంటుంది అని ఖాదర్ సాబ్ అనేవారేమో. అదే నిజం కావచ్చు. పాత పత్రికవాణ్ణి, నేను చూసింది మాత్రమే రాస్తున్నాను.

"శుభ్రం చేసి ఇవ్వమంటారా? ఆ గాలి చప్పుడు ఇంకా తీయొచ్చు," అన్నాను.

"వద్దు," అంది. "అతను దానిలోంచే వస్తున్నాడు. ఏదీ కోయకండి."

కోయలేదు. రెండు నిమిషాలూ ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాను. కాల్విన్ అన్న మాట చెంగమ్మకు తెలుగులో చెప్పాను.

ఆమె లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్లి తలుపు తెరిచింది. ఈసారి పట్టుకోలేదు. వదిలేసి, వెనక్కి చూడకుండా, వరండాలో నెమ్మదిగా నడిచి వెళ్లింది. బరువైన తలుపు మూసుకోబోయింది.

"పట్టుకో చెంగమ్మా," అన్నాను.

చెంగమ్మ అప్పటికే పట్టుకుంది. తలుపును చేత్తో ఆపి, గోడకు ఒదిగి, గుమ్మంలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడింది. చీర కొంగు కూడా దగ్గరికి లాక్కుంది. నాలుగు సెకన్లు లెక్కపెట్టాను.

"పొయ్యినాడు సార్," అంది చెంగమ్మ. అప్పుడు తలుపు మూశాం.